ఎదురింటి తిట్టు

మా బారీ ఊరి పాతపేటలో ఆడవాళ్లు గుమ్మం ముందు బల్లేసుకుని, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగానే చిన్న చిన్న చెవుల ఆకారంలో పాస్తా చేస్తారు. చిన్న పిండిముక్కని కత్తితో బల్ల మీద లాగి, బొటనవేలి మీద తిరగేస్తే చెవి తయారవ్వాలి. మా అత్తగారు అస్సుంతా చేతిలో చెవే అయ్యేది. కొత్త కోడలిగా వచ్చిన నా చేతిలో మాత్రం నలిగిన బొత్తాం అయ్యేది.

అత్తగారు నన్ను ఒక్క మాట అనేది కాదు. "బాగానే ఉందమ్మా, మెల్లిగా అదే వస్తుందిలే" అనేది. అంత మెత్తటి మాట విన్నాక ఒళ్లు వంచాలని ఎవరికనిపిస్తుంది? హాయిగా బొత్తాలు చేసుకుంటూ కూర్చున్నాను.

ఒకరోజు ఎదురింటి విన్చెంజా తన బల్ల దగ్గర్నుంచే వీధంతా వినబడేలా అరిచింది.

"ఒసే అస్సుంతా! నీ కోడలు చేతులతో చేస్తోందా, కాళ్లతోనా? వాటిని పావురాలకెయ్, అవైనా తింటాయేమో!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అత్తగారేమో తలైనా ఎత్తలేదు! ఆ ముసల్దాని నోరు మూయించాలని పిండి పిసికాను, పారేశాను, మళ్లీ పిసికాను. బొటనవేలు పుండైంది. ఆదివారానికల్లా ఆరబెట్టే జల్లెడ నిండా చక్కటి చెవులే.

ఆ జల్లెడ తీసుకెళ్లి విన్చెంజా ముక్కు కింద పెట్టాను. "ఇప్పుడు చెప్పండి పిన్నిగారూ, కాళ్లతో చేశానా?"

ఆవిడ ఒక చెవి తీసి అటూ ఇటూ తిప్పి చూసి, మా గుమ్మం వైపు కేకేసింది.

"అస్సుంతా, నీ కోడలికి పనొచ్చేసింది! ఇక మనిద్దరం అనుకున్న మాట ప్రకారం నువ్వొచ్చి మా కోడల్ని తిట్టిపో!"