సొరోకా రుక్సాండా ఆడిన ఆఖరి ఆట

మా సొరోకా ఊళ్ళో చెప్పుల ఫ్యాక్టరీ మూతపడినా దాని క్లబ్బు హాలు మాత్రం మిగిలింది. ఆ హాలు దూలాలు మరీ కిందికి ఉండేవి. షటిల్ కాక్‌ను కాస్త ఎత్తుగా లేపితే చాలు, దూలానికి తగిలి చచ్చిన పిచ్చుకలా రాలి పడేది. అందుకే అక్కడ షటిల్ నేర్చుకున్న వాళ్ళంతా నెట్ మీదుగా నేలబారుగా, వేగంగా కొట్టేవాళ్ళు. వాళ్ళలో అందరికన్నా వేగం రుక్సాండాది. మా పక్కింటి అగాఫియా పెద్ద కూతురు. నా కళ్ళ ముందే పెరిగింది.

ఆట నేర్పింది హరలంపీ మాస్టారు. చలికాలంలో హాల్లో పొయ్యికి కట్టెలు తనే మోసుకొచ్చేవాడు. చలికి కాక్ ఈకలు పెళుసెక్కి విరిగిపోతుంటే పిల్లల చేత వాటికి కెటిల్ ఆవిరి పట్టించేవాడు. నోరు మాత్రం మహా దురుసు. "కాళ్ళేనా అవి, ఊరగాయ జాడీలా? కదలవే!" అని అరిస్తే వీధి చివరికి వినపడేది.

సారాకొట్టు అరుగు మీద పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ కూర్చునే మగవాళ్ళకి రుక్సాండా మంచి కాలక్షేపం.

"ఏమ్మా, ఇవాళ ఎన్ని కోళ్ళకి ఈకలు పీకావు?"

"మీ ఇంటి పుంజొక్కటే మిగిలింది మామా, రేపొస్తాలే," అనేది నడక ఆపకుండా.

మోల్దోవా మొత్తం మీద ఈ ఆట ఆడే ఆడపిల్లలు ఒక బస్సుకి సరిపోరు. వాళ్ళలో మొదటి స్థానం రావడం రుక్సాండాకి పెద్ద కష్టం కాలేదు. కష్టమంతా సరిహద్దు దాటాకే. అక్కడి హాళ్ళకు కప్పు ఎక్కడుందో కనపడదు. ఎదుటి అమ్మాయి కాక్‌ను దీపాల్లోకి లేపితే అది ఎప్పుడు దిగుతుందో, ఎక్కడ దిగుతుందో అంతుపట్టేది కాదు. ఎదుటివాళ్ళ వెనక కుర్చీల్లో ఇద్దరేసి కోచ్‌లు కూర్చుని ఆట మధ్యలో సలహాలిచ్చేవాళ్ళు. మాస్టారిని కూడా పంపే స్తోమత మన వాళ్ళకు లేదు. అందుకని రుక్సాండా వెనక కుర్చీలో ఆమె కోటు కూర్చునేది.

బస్సు దిగి ఇంటికొస్తే అగాఫియా అడిగేవి రెండే ప్రశ్నలు.

"ఏమైందే?"

"ఓడిపోయానమ్మా."

"ఏమన్నా తిన్నావా?"

ఏళ్ళ తరబడి అలా ఓడిపోతూనే నేర్చుకుంది. మెల్లగా ఒక రౌండు, ఒక్కోసారి రెండు రౌండ్లు గెలవసాగింది. ఆమె వెనకే చెల్లెలు ఇలింకా ఎదిగింది. అక్కకన్నా పొడగరి, బలమైన భుజం. దేశం పోటీల్లో అక్క మొదట, చెల్లెలు తర్వాత. డబుల్స్‌లో ఇద్దరూ ఒక జట్టు.

రుక్సాండాకి ముప్ఫై దగ్గర పడుతుండగా రాజధాని నుంచి కబురొచ్చింది. ఒలింపిక్స్‌లో చిన్న దేశాలకిచ్చే చోటు ఒకటి మనకొచ్చింది, రుక్సాండా వెళ్ళాలి, ఏ కారణం చేతనైనా ఆమె వెళ్ళలేకపోతే ఇలింకా. ఆ రోజు హరలంపీ మాస్టారు హాలు మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అగాఫియా జున్ను కూరిన రొట్టెలు చేసి వీధి వీధంతా పంచింది.

దెబ్బ తగిలింది ఆ వసంతంలోనే. అక్కాచెల్లెళ్ళు డబుల్స్ సాధన చేస్తున్నారు. నెట్ దగ్గరున్న రుక్సాండా వెనక్కి తిరిగి చూసింది. ఆట నేర్చిన మొదటి వారంలోనే చేయొద్దని చెప్పే పొరపాటు అది. సరిగ్గా అప్పుడే ఇలింకా బలంకొద్దీ స్మాష్ కొట్టింది. కాక్ వచ్చి అక్క ఎడమ కంట్లో తగిలింది.

మూడో రోజుకి వాపు తీసింది గానీ కంట్లో మసి రేణువులు ఎగురుతున్నట్టు ఉండేది. తర్వాత ఓ పక్క నుంచి నల్లటి తెర జరుగుతూ వచ్చింది. మాస్టారు ఆమెను రాజధానికి, కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

"లోపలి పొర ఊడిపోతోంది. ఈ వారంలోనే ఆపరేషన్ చెయ్యాలి. తర్వాత నెలల పాటు పరుగులూ గెంతులూ వద్దు," అంది డాక్టరమ్మ.

"ఎండాకాలం పోటీ అయ్యాక చేయించుకుంటే?"

"అప్పటికి నేను చెయ్యడానికేం మిగలదమ్మా."

బస్సు స్టాండులో జరిగిన మాటలు మాస్టారు చాలా కాలం తర్వాత తాగిన మైకంలో నాతో చెప్పాడు.

"ఇలింకాని పంపుదామే. నువ్వు ఆపరేషన్ చేయించుకో. కన్నుకన్నా ఆట ఎక్కువా?" అన్నాడట.

"అది చిన్నది మాస్టారూ. దానికింకో నాలుగేళ్ళుంది, ఆపైన ఇంకో నాలుగు. నాకు లేవు."

"దాని చేతి దెబ్బేనే ఇది. దానికి చెప్పకపోతే ఎట్లా?"

"చెప్పారో, మీ గడప మళ్ళీ తొక్కను."

ఆయన చెప్పలేదు. ఇంటికి రాగానే ఇలింకా ఎదురొచ్చి, "ఇవెన్ని వేళ్ళక్కా?" అని చెయ్యెత్తింది. రుక్సాండా మంచి కంటితో చూసి సరిగ్గానే చెప్పింది. "డాక్టరమ్మ ఏం లేదంది. నీ స్మాష్‌కి అంత సీనుందా ఏంటి?" అని నవ్వింది కూడా. ఇలింకా ఆ సాయంత్రమే గుడికి వెళ్ళి కొవ్వొత్తి వెలిగించి వచ్చింది.

ఆట రోజున ఊరంతా క్లబ్బు హాల్లో టీవీ ముందు చేరింది. రుక్సాండా తెల్లబట్టల్లో కోర్టులోకి రాగానే చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత కొట్టడానికేమీ లేకపోయింది. ఒంటి కంటికి దూరం తెలియదు. కాక్ రాకముందే రాకెట్ విసిరేది, లేదా దాటిపోయాక. మొదట్లో అక్కడి జనం నవ్వారు. కాసేపటికి నవ్వు ఆపి, జాలితో చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వినలేకపోయాం.

"గాలిని కొట్టడానికి అంత దూరం పంపించాలా? ఇక్కడ గాలి లేదా?" అన్నాడెవడో వెనక నుంచి.

తల్లి పక్కన కూర్చున్న ఇలింకా ఆ మాట వినలేదు. ప్రతి సర్వీసుకీ అక్క గింజ ఏరే కోడిలా తల పక్కకి తిప్పడం చూస్తోంది.  మాస్టారి వైపు తిరిగి, "అక్కకి ఆ కన్ను కనపడ్డం లేదు కదా?" అంది. మాస్టారు తల దించుకున్నాడు. ఇలింకా లేచి వెళ్ళిపోయింది.

రుక్సాండా తిరిగొచ్చిన రోజు గోడ అవతల నుంచి వాళ్ళ మాటలు మా ఇంట్లోకి వినపడ్డాయి.

"నన్ను కొవ్వొత్తి పెట్టుకోనిచ్చావు. ఏమీ కాలేదని దేవుడికి దణ్ణం పెట్టుకోనిచ్చావు!"

"నువ్వు బాధపడతావనే..."

"అబద్ధం! చెబితే నేను వెళ్తానని. నా చోటు తినేశావు. పైగా అక్క కన్ను పోగొట్టిందన్న పేరు జీవితాంతం మోయమని నా నెత్తిన పెట్టావు."

అగాఫియా ఎవరినీ ఓదార్చలేక, "సంకటి చల్లారిపోతోందే, తినండే," అంటూ ఏడ్చింది.

ఆపరేషన్ చేశారు గానీ ఫలితం లేదు. కన్ను తెల్లబడి, కుంచించుకుపోయింది. ఇలింకా మళ్ళీ రాకెట్ పట్టలేదు. బెల్త్సీ పట్నంలో ఒక లారీ డ్రైవర్ని పెళ్ళి చేసుకుని, పుట్టింటి గడప తొక్కడం మానేసింది. హరలంపీ మాస్టారు తాగుడులో పడి రెండు చలికాలాలకే పోయాడు. హాల్లో ఇప్పుడు సోఫాలు అమ్ముతున్నారు. రుక్సాండా ఆపిల్ పండ్ల గోదాములో కాయలు ఏరే పనికి కుదిరింది. కప్పులో టీ పోస్తే సగం బల్ల మీద పడేది. అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది.

అగాఫియా పోయిన మరుసటి ఏడు, ఈస్టర్ పండుగ తర్వాత పెద్దలకు పెట్టే సోమవారం నాడు, ఇలింకా శ్మశానానికి వచ్చింది. తల్లి సమాధి మీద రుక్సాండా బట్ట పరిచి ఎర్రరంగు వేసిన పండుగ గుడ్లు, రొట్టె, వైను పెట్టి ఉంది. ఇద్దరూ చెరో వైపు కూర్చున్నారు. పక్క సమాధి మావాళ్ళదే, అందుకని నాకు వినపడింది.

"నొప్పిగా ఉంటుందా?" అంది ఇలింకా.

"చలికి."

ఇలింకా ఒక గుడ్డు అందుకుని పెంకు ఒలిచింది.

"నేనెళ్ళినా మొదటి రౌండులోనే ఓడిపోయేదాన్ని," అంది ఇలింకా. "నాకు తెలుసు. కానీ ఆ ఓటమి నాదై ఉండేదక్కా."

రుక్సాండా సీసా అందుకుంది. వైను పోసి ఇచ్చింది. ఇలింకా సగం తాగి, మిగిలింది తల్లి సమాధి మట్టిలో ఒంపి, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె సొరోకాకి రాలేదు.