చివరి పళ్లెం

ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్ ఊళ్లో మాజీ సైనికుల క్లబ్బులో బుధవారం భోజనాల వేళ క్లెమ్ రడ్కిన్ కూర్చుని ఉండగా చూసినవాళ్లు లేరు. తన సిపాయిలంతా తిన్నాకే సార్జంటు తినాలన్న పటాలం అలవాటు ఎనభై దాటినా ఆయన్ని వదల్లేదు. చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ, "ఆ గుమ్మడి ముక్క ఎవడికోసం వదిలావురా?" అని కసురుతుంటాడు. కోపమొస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. ఈమధ్య బెల్టుకి మేకుతో కొత్త బెజ్జాలు పొడుచుకుంటున్నాడు.

మాజీ సైనికుల ఆరోగ్యం మీద పరిశోధనకని ఎవరేం తింటున్నారో అడిగి రాసుకునే హీథర్, ఆ బుధవారం వడ్డన మొదలవుతుండగా ఆయన దగ్గరికి వచ్చింది.

"పోయిన వారం ఇక్కడేం తిన్నారండీ?"

"అందరూ తిన్నారు. రాసుకో."

"మీ సంగతి అడుగుతున్నాను."

"చెవుడా నీకు? అందరూ తిన్నారన్నానా!"

ఒకప్పుడు ఆయన కింద పనిచేసిన నెవిల్ వరసలో ముందున్నాడు. "అబద్ధాలాడకు సార్జంటూ. జనం పెరిగాక నీదాకా మిగిలేది అడుగున గ్రేవీ ఒక్కటే," అన్నాడు.

"నోర్ముయ్! పళ్లెం పట్టు."

"పట్టను. ముందు నువ్వు."

వెనకున్నవాళ్లూ పళ్లేలు బోర్లించారు.

"తిరుగుబాటా? ఒక్కొక్కడి తోలు వలుస్తా!"

"వలుద్దువుగానీ, ముందు తిను. ఖాళీ కడుపుతో ఏం వలుస్తావు?"

చెవులు మండిపోతుండగా క్లెమ్ మాంసం, గుమ్మడి వడ్డించుకుని, నిలబడే, శత్రువుని నమిలినట్టు నమిలాడు. సగం తిని ఆగితే వరస కదల్లేదు. పళ్ళు నూరుతూ మిగతాదీ తిన్నాడు. ఖాళీ పళ్లెం హీథర్ ముందు ఠంగున పెట్టాడు.

"రాసుకో. ఉప్పు చాల్లేదని కూడా రాయి." వరసకేసి తిరిగాడు. "ఇప్పుడైనా తగలడండిరా, చల్లారిపోతోంది!"