వచ్చేవాళ్ళ వంతు

లాండ్రీలో మంగళవారం వస్తే నడుము విరిగినట్టే. పొద్దున ఏడింటికల్లా వ్యాను వచ్చి వెనక గుమ్మంలో మూటలు దింపి పోతుంది. ఆసుపత్రి మూటకి తెల్లదారం, పెద్ద హోటలు మూటకి పచ్చదారం, చిన్నా చితకా లాడ్జీలకి ఎరుపూ పసుపూ నలుపూ. వాటిని విప్పి, దులిపి, మరకలున్నవి ఒక పక్కకీ లేనివి ఒక పక్కకీ వెయ్యడం మడతలక్క పని. శుక్రవారం నాడు అవే బట్టలు ఉతికి, ఆరి, ఇస్త్రీ అయి వచ్చాక మళ్ళీ మూటలు కట్టేదీ ఆమే.

ఆమెకి అసలు పేరు ఒకటి ఉంది. హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా పనికిరాలేదు. మడతలక్క అని పేరు పెట్టింది ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే ఆమె, రేడియో. ఆ రేడియోకి ఆ పేరు ఎందుకొచ్చిందో ఆమె పక్కన అయిదు నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది.

"మా అక్క గుడ్డ మీద ఒక్క ముడత ఉండనివ్వదు, మొహం మీద ఒక్కటి పోనివ్వదు" అంటుంది కొత్తగా వచ్చినవాళ్ళతో. మడతలక్క నవ్వదు, కోప్పడదు. "నోటికి తాళం వేసి చెయ్యి ఆడించవే" అంటుంది. పదేళ్ళుగా ఇద్దరికీ అదే పాఠం.

ఆ మంగళవారం ఎర్రదారం మూట విప్పబోయి ఆమె చెయ్యి ఆగిపోయింది.

మురికి దుప్పట్లు ఎలా వస్తాయో లాండ్రీలో అందరికీ తెలుసు. మనిషి లేచి వెళ్ళిన మంచం మీంచి గుంజి, ఉండ చుట్టి, కాలితో తొక్కి మూటలో కుక్కుతారు. ఎర్రదారం మూటలో మాత్రం దుప్పట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అన్నీ మడత పెట్టినవే. మరక లోపలికి పోయేలా, మాసిన వైపు పైకి కనపడకుండా.

"మురికి దుప్పటికి మడతేంటక్కా, చెత్తబుట్టకి తాళం వేసినట్టు!" అంది రేడియో తొంగిచూసి.

మడతలక్క మూట మీదికి వంగింది. పైనున్న దుప్పటి అంచు కింద వేళ్ళు పెట్టి తడిమింది. చివరి కొస మడత లోపలికి దోపి ఉంది. అదీ ఎడమ పక్కకి.

మడతలక్క వాళ్ళమ్మ నాలుగిళ్ళ బట్టలు ఉతికేది. రోజంతా ఊళ్ళోవాళ్ళ మురికి ఉతికి వచ్చాక ఇంట్లోవాళ్ళ మురికీ ఆమెదే. అయినా విడిచిన బట్టని ఉండ చుట్టి మూల పడేస్తే ఊరుకునేది కాదు. "మురికి నీదే, చెయ్యి నాది. నా చేతికి మర్యాద ఇవ్వు" అనేది. మడత పెట్టి ఇవ్వాలి. మరక లోపలికి పోవాలి, ఎవరి మరకో ఎవరికీ కనపడకూడదు. విడిపోకుండా చివరి కొసని లోపలికి దొయ్యాలి. ఆ దొయ్యడానికి ఆ ఇంట్లో 'చెవి మూయడం' అని పేరు. "చెవి మూశారా?" అని అమ్మ లోపల్నుంచి కేకేస్తే, "మూశాం!" అని ఇద్దరాడపిల్లలూ అరిచేవాళ్ళు. పక్కింటావిడ చాలా రోజులు ఈ పిల్లలకి చెవిపోటు అనుకుని, వేడి చేసిన ఉప్పు మూట పట్టుకొచ్చింది కూడా.

దుప్పటి మడత ఇద్దరు పట్టవలసిన పని. పెద్దది, అంటే మడతలక్క, ఒక కొస, చెల్లెలు చిన్నది ఒక కొస. లాగి పట్టుకుని, దగ్గరికి నడిచి, చేతులు కలిపి, మళ్ళీ వెనక్కి నడవాలి. చిన్నదానికి ఎడమచేతి వాటం. ఎంత చెప్పినా చెవి ఎడమ పక్కకే మూసేది. పైగా సగంలో కొస వదిలేసేది, పెద్దది వెల్లకిలా పడాలని. పడేది. పడ్డవాళ్ళూ పడేసినవాళ్ళూ కలిసి నవ్వేవాళ్ళు.

అమ్మకి ఇంకో అలవాటు ఉండేది. వండిన గిన్నె అడుగు గీకనిచ్చేది కాదు. ఒక గరిటెడు ఉండాలి. "వచ్చేవాళ్ళ వంతు" అనేది. "ఎవరొస్తారే ఈ ఇంటికి, దారి తప్పిన పిల్లి తప్ప?" అని నాన్న ఎగతాళి చేసేవాడు. "పిల్లికి మాత్రం దారి తప్పితే ఆకలెయ్యదా?" అనేది అమ్మ. ఇప్పుడు ఒంటి గదిలో ఒంటికత్తెగా వండుకునే మడతలక్క కూడా రాత్రి గిన్నెలో గరిటెడు వదిలి మూత పెడుతుంది. పొద్దున అది తనే తింటుంది. ఈ సంగతి రేడియోకి చెప్పలేదు. చెబితే ఊరంతా వింటుంది.

మరకని లోపలికి మడిచి దాచడం అమ్మ నేర్పింది. మడతలక్క ఒక మరకని పన్నెండేళ్ళుగా అలాగే దాచుకుంది.

అమ్మ ఎనిమిది నెలలు మంచాన పడింది. చిన్నది అప్పటికే దూరంగా ఒక ఊళ్ళో కాపురముంటోంది. ఎనిమిది నెలల్లో రెండుసార్లు వచ్చింది, వచ్చిన రెండుసార్లూ మర్నాడే వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో చిన్నదానికి ఏం కష్టాలున్నాయో పెద్దది అడగలేదు. ఎత్తిపోసేదీ, తుడిచేదీ, తినిపించేదీ తనే అయినప్పుడు అడగాలనిపించలేదు. ఒక తెల్లవారుజామున అమ్మ పోయింది. చిన్నదానికి కబురు వెళ్ళింది. బస్సు పట్టుకుని వచ్చేసరికి సాయంత్రమవుతుంది. మధ్యాహ్నం పెద్దలు అడిగారు, "చిన్నమ్మాయి కోసం ఆగుదామా?" అని.

"అక్కర్లేదు" అంది పెద్దది.

ఒక్క మాట. చిన్నది వచ్చేసరికి అంతా అయిపోయింది. కడిగిన వాకిలి ఇంకా తడిగానే ఉంది. గుమ్మంలో నిలబడి, "పిల్లికైనా ఒక గరిటెడు ఉంచేది అమ్మ. నాకు ఒక్క పూట ఉంచలేకపోయావా అక్కా?" అంది. కాళ్ళు కూడా కడుక్కోకుండా అదే బస్సుకి వెనక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇద్దరి ఊళ్ళూ మారాయి, ఫోన్ నంబర్లు మారాయి. పంతం మాత్రం కొన్నాళ్ళు ఇద్దరి దగ్గరా మారకుండా ఉంది. పెద్దదానికి అది అరిగి అరిగి ఎప్పుడు దిగులైందో ఆమెకే తెలియదు.

మూట మీద కట్టిన చీటీలో లాడ్జి చిరునామా ఉంది. మూడు స్టాపుల దూరం. పన్నెండేళ్ళ దూరం మూడు స్టాపుల్లో ఉందంటే ఎగిరి గంతేసి బస్సెక్కాలి. మడతలక్కకి కాళ్ళు రాలేదు. వెళ్ళి ఏమంటుంది? 'ఆరోజు అక్కర్లేదన్నాను, ఇప్పుడు కావాలి' అంటుందా?

శుక్రవారం నాడు ఎర్రదారం లాడ్జి దుప్పట్లు ఇస్త్రీ అయి వచ్చాయి. లాండ్రీ మడత నలుపలకలుగా, పుస్తకంలా ఉంటుంది. మడతలక్క వాటిని విప్పి అమ్మ మడత పెట్టడం మొదలెట్టింది. ప్రతి దానికీ చెవి మూసింది. కుడి పక్కకి.

మేస్త్రీ చూసి గగ్గోలు పెట్టాడు. "ఇదేంటమ్మా, మన మడత ఏది? లాడ్జీవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

"ఏమీ అనుకోరు బాబూ. ఆ ఎర్రదారం మూట ఒక్కటీ నాకొదిలెయ్యండి."

"ఎందుకంట?"

"పదేళ్ళలో మిమ్మల్ని ఏమైనా అడిగానా?"

మేస్త్రీ తల గోక్కున్నాడు. నిజమే, అడగలేదు. వదిలేశాడు.

శనివారం, ఆదివారం, సోమవారం. మడతలక్కకి అన్నం సయించలేదు. వచ్చేవాళ్ళ వంతు గిన్నెలో రెండు గరిటెలు మిగిలాయి. మంగళవారం వ్యాను రాకముందే వెనక గుమ్మంలో నిలబడింది. ఎర్రదారం మూట ఆమే దింపుకుంది, ఆమే విప్పింది.

దుప్పట్లన్నీ ఉండలు చుట్టి ఉన్నాయి. ఒక్కదానికీ మడత లేదు. ఒక దాని మీద చెప్పు ముద్ర కూడా ఉంది.

చిన్నది చూసింది, అనుకుంది మడతలక్క. చూసి, 'అక్కర్లేదు' అంది. నా మాట నాకే తిప్పి పంపింది.

అక్కడే, ఆ మాసిన గుట్ట మీదే కూర్చుండిపోయింది. కళ్ళు తుడుచుకోవడానికి ఇన్ని గుడ్డలుండి ఒక్కటీ శుభ్రమైనది లేదు. రేడియో ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి పరిగెత్తుకొచ్చింది.

"వానలో తడిసిన దుప్పట్లు చూశాను గాని, దుప్పట్లు చూసి తడిసే మనిషిని నిన్నే చూస్తున్నా. ఏమైందక్కా?"

పదేళ్ళలో మొదటిసారి మడతలక్క ఆ నోటికి ఒక రహస్యం అప్పగించింది. మొత్తం చెప్పింది, 'అక్కర్లేదు' తో సహా. రేడియో అంతా విన్నది, మధ్యలో ఒక్క మాట కలపకుండా. అదీ మొదటిసారే.

"సరే. ఛీ కొట్టిందే అనుకుందాం" అంది చివరికి. "ఆ ఛీ ఏదో ఎదురుగా నిలబడి కొట్టించుకో. దుప్పటి చెప్పిన మాట పట్టుకుని ఏడుస్తావా? దుప్పటికి నోరుందా?"

మర్నాడు మడతలక్క పూట సెలవు పెట్టింది. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది, మళ్ళీ పెళ్ళికెళ్తున్నట్టుందని విప్పి, రోజూ కట్టేదే కట్టుకుంది. అలవాటు కొద్దీ అన్నం డబ్బా కూడా సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

లాడ్జి రెండంతస్తుల పాత మేడ. కింద ఒక బల్ల, బల్ల వెనక గోడకి తాళాల వరస, తాళాల ముందు బట్టతల ఉన్న పెద్దమనిషి. గది కావాలా అని అడిగాడు.

"గది కాదండీ. ఇక్కడ పక్కలు మార్చే ఆవిడ... ఎడమచేతి వాటం మనిషి..."

తాళాలాయన ఆమెని ఎగాదిగా చూశాడు. "ఆవిడకి మీరేమవుతారమ్మా?"

"అక్కని." పన్నెండేళ్ళ తర్వాత ఆ మాట పైకి అనడం అదే.

"అయ్యో, మీరేనా! అయితే మీరిక్కడున్నారేంటి?" అన్నాడాయన లేచి నిలబడి. "కూర్చోండి, కూర్చోండి ముందు. పోయిన శనివారం అనుకుంటా, ఉతికిన బట్టల మూట విప్పుతూ ఒక దుప్పటి ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూలబడింది. 'ఏమ్మా, ఒంట్లో బాలేదా?' అన్నాను. పలకదే! ఇంటికి వెళ్ళిపోయింది. మూడ్రోజులు పనిలోకి రాలేదు. ఉతికినవి వచ్చాకే కదా పాతవి మార్చేది, ఆ పక్కలన్నీ నేనే తీశాను, చూడండి నా ఖర్మ."

"నిన్నటి మూట మీరు కట్టిందా?" అంది మడతలక్క. "చెప్పు ముద్ర..."

"నాదే అయ్యుంటుంది" అన్నాడాయన సిగ్గుపడి. "ఆవిడ చేరి రెండు వారాలే గాని, మురికి దుప్పటి కూడా మడత పెట్టందే ఊరుకోదు. మా చేతా పెట్టించేది. మనకి అబ్బే పనా అది!"

"ఇప్పుడెక్కడుంది?"

"అదే కదా నేననేది! ఈ పొద్దున్న వచ్చింది. 'మన బట్టలు ఉతికేది ఎక్కడ బాబాయ్? మా అక్క అక్కడుంది' అని అడిగి, కాగితం మీద రాయించుకుని, మీ లాండ్రీకే వెళ్ళింది. మీరిటొచ్చారు, ఆవిడటెళ్ళింది."

మడతలక్క చప్పున లేచింది. సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళింది. ఎదురుగా స్టాపులో బస్సు ఆగి ఉంది, పరిగెత్తితే అందుతుంది. గడప మీద ఒక కాలు పెట్టి ఆగిపోయింది. తనటు వెళ్ళేసరికి అది ఇటు బయల్దేరితే? అది వచ్చి, అక్క వచ్చి వెళ్ళిపోయిందట అని ఈయన నోట వింటే? మళ్ళీ ఒక గుమ్మంలో, మళ్ళీ ఆలస్యంగా.

బస్సు కదిలింది.

"ఫోన్ చెయ్యనా అమ్మా మీ లాండ్రీకి?"

"మేస్త్రీ ఎత్తుతాడు. వద్దులెండి. అక్కడ మా రేడియో ఉంది."

"రేడియోనా?" అన్నాడు తాళాలాయన తికమకగా.

మడతలక్క మొహం మీద ముడతలు కొంచెం కదిలాయి. ఏ నోటిని పదేళ్ళుగా మూసుకోమని తిట్టిందో, ఇప్పుడు ఆశంతా ఆ నోటి మీదే. ఎర్రదారం లాడ్జి నుంచి ఒకావిడ వచ్చిందంటే చాలు, అది అడక్కుండానే అంతా చెప్పేస్తుంది. అక్క ఎక్కడికి వెళ్ళిందో చెబుతుంది. మూట మీద కూర్చుని ఎలా ఏడ్చిందో చెబుతుంది. చెప్పకూడనివి కూడా చెబుతుంది. చెప్పనీ.

"విని మళ్ళీ ఇటే వస్తుందంటారా? ఏడుపొచ్చి అట్నించటే ఇంటికి పోతే?" అన్నాడాయన. "మనిషి మంచిదే గాని పంతం జాస్తి. సాయంత్రమైపోతుందేమో కూడా."

"ఫరవాలేదండీ" అంది మడతలక్క. "ఆగుతాను."

బల్ల పక్కన అల్మారా తలుపు సగం తెరిచి ఉంది. ఉతికిన దుప్పట్ల వరసలో ఒకటి విడిగా, పై అరలో ఉంది. ఆమె చూపు పట్టుకుని తాళాలాయన చెప్పాడు, "అది పరవొద్దంది. ఎందుకో." ఆమె వెళ్ళి దగ్గరగా చూసింది. తను కుడి పక్కకి మూసి పంపిన చెవి అది. ఎవరో విప్పారు. మళ్ళీ మూశారు, ఎడమ పక్కకి. ముట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

మధ్యాహ్నం దాటింది. లాండ్రీకి సెలవు పెట్టింది ఒక పూటే, ఆ పూట అయిపోయింది. గుమ్మంలో మనిషి నీడ పడ్డప్పుడల్లా ఆమె సగం లేచింది. ఒకసారి పెట్టె పట్టుకుని గది అడగడానికి వచ్చినాయన, ఒకసారి ఉత్తరాలాయన, ఒకసారి ఎవరూ కాదు, మబ్బు.

"తినండమ్మా, డబ్బా తెచ్చుకున్నట్టున్నారు" అన్నాడు తాళాలాయన.

డబ్బా విప్పింది. ఆయనకి పెట్టబోతే తిన్నానన్నాడు. గుమ్మం కనపడేలా కుర్చీలో తిరిగి కూర్చుని, నెమ్మదిగా నాలుగు ముద్దలు తింది. సగానికి వచ్చాక చెయ్యి కడుక్కుంది. మిగిలిన సగాన్ని ఒక పక్కకి చక్కగా సర్ది, మూత పెట్టి, ఒళ్ళో పెట్టుకుంది.

"అదేంటి, అంతేనా? ఇంకా చాలా ఉందే!"

"ఉండనీండి" అంది మడతలక్క గుమ్మం వైపే చూస్తూ. "అది మా చిన్నదాని వంతు."