ఎదుటి పార్టీ ఇంట్లో ఒక కాపీ

ఈ రోజు జమ్మలమడుగులో ఆరోగ్య కార్యకర్తలకు ట్యాబ్ వాడకం నేర్పించాను. సిగ్నల్ లేని ఊళ్లో రాసిన వివరాలు ట్యాబ్‌లోనే ఉంటాయనీ, సిగ్నల్ అందగానే మూడు సర్వర్లకు చేరతాయనీ చెప్పాను. వెనక బెంచీలో మార్తమ్మ నవ్వింది. ఫ్యాక్షన్ రోజుల్లో వాళ్ల ఉమ్మడి బావి నీళ్ల వంతుల కాగితం కూడా మూడు ఇళ్లలో ఉండేదట, ఒక ఇల్లు తగలబడినా ఇంకొకటి మిగులుతుందని.

"మూడిట్లో మూడు రకాలుగా ఉంటే యాది నమ్మల్ల సార్?" అని అడిగింది.

"చివర రాసిందే నిలుస్తుందమ్మా," అన్నాను గొప్పగా.

"అట్లయితే మా చిన్నమామ రోజూ పొద్దుగూకినాంక వచ్చి రాసిపోతాడు! మేము ఒక కాగితం ఎదుటి పార్టీలో ఉండే మా ఆడబిడ్డ ఇంట్లో పెట్టినాం. తేడా వస్తే అదే చూస్తాంటిమి. వాళ్లకు మేమంతా పగోళ్లమే, మాలో ఎవురికీ ఒక్క పూట ఎక్కువ రాయరు కదప్పా!"

గదంతా ఘొల్లుమంది. నేనూ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకీ ఆలోచన ఒక్కసారీ రాలేదు.

మా మూడు సర్వర్లూ మా వాళ్లవే. ఇది చదువుతున్న మీలో మా కంపెనీ అంటే బొత్తిగా గిట్టనివాళ్లు ఎవరైనా ఉన్నారా? చెప్పండి, నాలుగోది మీ ఇంట్లోనే పెడతాను.