తెలుగు రాని విమానం

ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందంటే చాలు, లోకంలో ఉన్న కంప్యూటర్లన్నిటికీ మనమే వైద్యులమనుకునేవాళ్ళం. ఇరుగుపొరుగు కూడా పాపం అలాగే నమ్మేవారు. నేను గుర్‌గావ్‌లో చేరి అప్పటికి ఏడాది కాలేదు. (చేసేది ఇంకొకరి ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు.) ఢిల్లీ ఆర్.కె. పురంలో బాబాయి క్వార్టర్లో మకాం. కింది ఇంట్లో తుని వైపు నుంచి వచ్చిన అంకుల్, ఆంటీ ఉండేవారు. అంకుల్ కేంద్ర ప్రభుత్వ ఆఫీసరు, విమానాల పిచ్చి. ఆదివారం పూరీలు తిని కంప్యూటర్లో విమానం నడిపే సిమ్యులేటర్ ముందు కూర్చుంటే, పాలం ఎయిర్‌పోర్టులో లేపిన విమానాన్ని భోజనాల వేళకు విశాఖలో దింపేవారు.

ఆయన నడిపేది ఎవరో అభిమాని తయారుచేసి ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టిన పాత రెండింజన్ల విమానం. అంకుల్‌కి చూపు తగ్గుతూ ఉండడంతో డయళ్ళు చదివి చెప్పడానికి ఆంటీ పక్కన కూర్చునేది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. అందుకని ఆయన ఒక శీతాకాలమంతా మౌసు పట్టుకుని, డయళ్ళ మీద వేగం, ఎత్తు, దిక్కు, చమురు అని వంకర అక్షరాలతో తెలుగులో గీసుకున్నారు. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, "ఎత్తు తగ్గుతోందండీ, చూసుకోండి" అనేది. మిగతా వారమంతా ఆ ఇంట్లో ఫైళ్ళూ, ప్రెషర్ కుక్కరూ తప్ప వేరే చప్పుడుండేది కాదు. వాళ్ళిద్దరూ కబుర్లు చెప్పుకోవడం నేను చూసింది ఆ విమానంలోనే.

అంకుల్‌కి ఇంకో పట్టుదల ఉండేది. కంప్యూటర్ పనులన్నీ తెలుగులోనే చెప్పేవారు. మొదటిరోజు "కిటికీ ముయ్యవోయ్" అంటే నేను లేచి వెళ్ళి గదికున్న కిటికీ మూశాను. అప్పటికైనా నాకు బుద్ధి రావలసింది.

ఒక శనివారం, అంకుల్ ఆఫీసులో ఏదో అర్జంటు పనిలో ఉండగా, వాళ్ళింట్లో సిమ్యులేటర్ కొత్త వెర్షన్ ఎక్కించాను. (ఆయన అడగలేదు. "ఇంకా ఆ పాతదేనా అంకుల్" అని నేనే నెలరోజులు ప్రాణం తీశాను.) అందులోకి ఆ పాత విమానాన్ని కాపీ చేస్తే విమానం వచ్చింది గానీ, డయళ్ళు ఉండాల్సినచోట నల్లటి చిల్లులు కనపడ్డాయి. ఫోన్ చేశాను. అవతల ఎవరో పిలుస్తున్నారు కాబోలు, "అచ్ఛా, ముందా పాత ఫోల్డర్ తియ్యవోయ్" అని పెట్టేశారు. ఆయన తియ్యమన్నది తలుపు తీసినట్టు, తీసి లోపల చూడమని. నేను తీసింది చెప్పులోంచి ముల్లు తీసినట్టు. పాతది కొత్తదానికి అడ్డుపడుతోందన్నమాట అనుకుని, చెత్తబుట్టలో కూడా మిగలకుండా శుభ్రంగా తుడిచేశాను. ఆయన గీసిన డయళ్ళ బొమ్మలు ఉన్నది విమానంతో కాక ఆ ఫోల్డర్లోనే, ఇంకో కాపీ ఎక్కడా లేదు.

సాయంత్రం అంకుల్ వచ్చేసరికి ఇంటర్నెట్ నుంచి అదే విమానం మళ్ళీ దింపి పెట్టాను. డయళ్ళన్నీ ఇంగ్లీషులో మెరిసిపోతున్నాయి. ఆయన కళ్ళజోడు పైకెత్తి, తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి చూశారు. పొరపాటైందని చెప్తే సరిపోయేది. చెప్పలేదు.

"కొత్త వెర్షన్‌కి తెలుగు రాదంకుల్" అన్నాను.

ఆయన నా మొహం వంక కాసేపు చూసి, ఆంటీ వైపు తిరిగి, "దీనికి తెలుగు రాదటే" అన్నారు.

"ఢిల్లీలో పుట్టిన పిల్లలకే రావడం లేదు, దానికేం వస్తుందిలెండి" అని ఆవిడ చిక్కుడుకాయల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ గీయడానికి అంకుల్ కళ్ళు సహకరించలేదు. తర్వాత ఆయన ఒక్కరే నాలుగైదు ఆదివారాలు నడిపి, మానేశారు.

అయిదేళ్ళ తర్వాత నోయిడాలో మా ఇంట్లో, నాకూ ఆ పిచ్చి పట్టి, ఒక పాత విమానాన్ని కొత్త సిమ్యులేటర్లో పెట్టబోయి ఫోల్డర్ తీశాను. (ఈసారి సరైన అర్థంలోనే.) డయళ్ళన్నీ ఉత్త బొమ్మలు. సిమ్యులేటర్‌కి తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. ఏది గీస్తే అది చూపిస్తుంది, అంతే. అప్పుడు అర్థమైంది. శీతాకాలమంతా కూర్చుని ఆ అక్షరాలు గీసిన మనిషికి, నేను చెప్పింది అబద్ధమని నేను నోరు మూసేలోపే తెలిసి ఉంటుంది. తెలిసీ, ఆంటీ ముందు నా పరువు కాపాడారు.

రిటైరై కాకినాడలో ఉంటున్న ఆయనకు వెంటనే ఫోన్ చేశాను. కుశల ప్రశ్నలయ్యాక ఆయనే అడిగారు: "ఏమోయ్, కొత్తవాటికి తెలుగు వచ్చిందా?"

"ఇంకా లేదంకుల్" అన్నాను.

"సరేలే, వస్తుందిలే" అని నవ్వారు. ఒక బిడ్డకు తండ్రినై ఉండి, తప్పు ఒప్పుకోవడానికి ఆయన అంత తేలిక చేసి చేతికందించిన అవకాశాన్ని కూడా వాడుకోలేకపోయాను. ఆయన నవ్వు తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది, ఫోన్ పట్టుకుని నీళ్ళు నమిలిన నాలోని ఆ పెద్దమనిషిని చూసి.