పెళ్లిచూపుల్లో కునుకు

ఆ రోజుల్లో పెళ్లిచూపులంటే ఆడపిల్లకి పరీక్షే గానీ, ఆ పరీక్షలో ప్రశ్నలు తక్కువ, తల వంచుకుని కూర్చోవడం ఎక్కువ. ఎంతసేపు వంచుకుని కూర్చుంటే అంత బుద్ధిమంతురాలు. ఓసారి తలెత్తి చూస్తే చలాకీ పిల్ల, రెండోసారి చూస్తే గడుసుపిండం. ‘ఆ రోజుల్లో’ అన్నానని నన్ను మరీ ముసలిదాన్ని చేసెయ్యకండి. అప్పటికే అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేశాయి, కాకపోతే వాటిలో ఇంకా మొహాలు కనబడేవి కావు. మొహం చూడాలంటే మనుషులే జీపు కట్టించుకుని ఇంటికి రావాలి, బజ్జీలు తినాలి, కబురు చేస్తామని వెళ్లాలి.

నేనప్పుడు గాజువాక దగ్గర ఓ రోలింగ్ మిల్లులో క్రేన్ ఆపరేటర్ని. షెడ్డు కప్పుకి కాస్త కింద, పట్టాల మీద అటూ ఇటూ నడిచే క్రేన్‌కి వేలాడుతూ ఓ అద్దాల గది ఉంటుంది. నిచ్చెన మెట్లెక్కి అందులో కూర్చుని, కింద నిలబడ్డవాళ్లు చేత్తో చేసే సైగలు చూస్తూ, టన్నుల కొద్దీ ఇనుము ఎత్తి చెప్పిన చోట దించాలి. ఆ మోతలో మాట వినపడదు కాబట్టి, సైగ అర్థమైందనడానికి హారన్ ఓసారి నొక్కాలి. మా మిల్లులో ఆ గదిలోకి ఎక్కిన మొదటి ఆడపిల్లని నేనే. (ఈ ఒక్క వాక్యం కోసమే ఇదంతా రాస్తున్నానని మా ఆయన అంటున్నారు. అననివ్వండి.)

సంబంధం తగరపువలస నుంచి వచ్చింది. అబ్బాయి పరవాడలో ఓ మందుల కంపెనీలో షిఫ్టు ఉద్యోగి. తండ్రి లేడు, తల్లి మాటే చెల్లుబాటు. అంతకు ముందు వచ్చిన సంబంధం వాళ్లు పిల్ల నచ్చింది గానీ క్రేన్ దిగాలన్నారు. నేను దిగనన్నాను, వాళ్లు మళ్లీ కనబడలేదు. అందుకే ఈసారి, పెళ్లయినా ఉద్యోగం మాననని ముందే కబురు చెయ్యమని ఇంట్లో ప్రాధేయపడ్డాను. ముందు పిల్ల నచ్చనీ, ఆ తర్వాత మీ నాన్న చెబుతారంది అమ్మ. పోర్టులో బరువులు మోసే కలాసీగా చేసే మా నాన్నకి మాటలంటే బరువు, అమ్మ చెబుతుందిలే అన్నారాయన. ఇద్దరూ చెప్పరని తేలిపోయింది. ఇక నేనే తలెత్తి చెప్పెయ్యాలనుకున్నాను. చెప్పాల్సిన మాటని క్రేన్ గదిలో కూర్చుని గట్టిగా ఎన్నోసార్లు వల్లె వేసుకున్నాను కూడా. ఆ మోతలో వినేదెవరు గనక.

తీరా ఆ రోజు వచ్చేసరికి, రెండో ఆపరేటర్‌కి జ్వరం, నాకు సెలవు లేదు. పొద్దుటి షిఫ్టు. అంటే కోడి కూయకముందే లేచి బస్సు పట్టుకోవాలి. ముందు రోజు రాత్రి మా రేడియో పెద్దమ్మ (అమ్మకి అక్క, ఇంట్లో వార్తలన్నీ ఆవిడ నోటి నుంచే ప్రసారమయ్యేవి) నా రెండు చేతులకీ గోరింటాకు పెట్టి, అది ఎండేదాకా పడుకోనివ్వలేదు. మధ్యాహ్నం షిఫ్టు దిగి, గ్రీజు మరకలు వదిలేదాకా తోముకుని, పట్టుచీరలో దూరి చాప మీద కూర్చున్నాను. పెద్దమ్మ నా గడ్డం పట్టుకుని మరీ హెచ్చరించింది. “తలెత్తకే అమ్మా. తలెత్తితే పొగరంతారు.” సరేనని తల దించుకున్నాను. ఫ్యాను గాలి కొద్దికొద్దిగా తగులుతోంది. పెళ్లికొడుకు వాళ్లమ్మ, వస్తుంటే హైవే మీద లారీలు ఎలా ఆగిపోయాయో నిదానంగా చెబుతోంది. అక్కడిదాకా నాకు గుర్తుంది.

తర్వాత జరిగింది తలో నోటా విని కూర్చుకున్నదే. నేను తలెత్తకుండా కూర్చున్న తీరుకి ఆవిడ ముచ్చటపడిపోయిందట. ఈ కాలంలో ఇంత అణకువా అని మా అమ్మని మెచ్చుకుందట. అమ్మకి కూడా నా మీద అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు. ఆఖర్న ఆవిడ అసలు ప్రశ్న వేసింది.

“పెల్లయ్యాక ఆ కిరేను ఉజ్జోగం మానేత్తావు గదమ్మా? తెల్లారకుండా కోడలు ఇల్లొదిలెల్లిపోతే వాకిట్లో ముగ్గెవులెడతారు?”

నా తల కిందికి వాలి, పైకి లేచి, మళ్లీ వాలిందట. ఇంకేం, అందరి మొహాలూ విచ్చుకున్నాయి. ఆవిడ సంచీలోంచి మల్లెపూలు తీసి నా జడలో పెట్టేసింది. మా వైపు పిల్ల జడలో పూలు పెడితే సంబంధం ఖాయమైనట్టే. పెద్దమ్మ సంతోషం పట్టలేక నా తొడ గిల్లింది. ఉలిక్కిపడి లేచిన నా చెయ్యి అలవాటుగా హారన్ కోసం వెతికి, పక్కనున్న పళ్లెంలో లడ్డూని గట్టిగా నొక్కింది.

ఏమైందని పెద్దమ్మని గొణుగుతూ అడిగాను. ఉద్యోగం మానేస్తానని ఒప్పేసుకున్నానట, బంగారుతల్లినట. నిద్రమత్తు ఒక్కసారిగా దిగిపోయింది. ఒక్క కునుకుతో ఆ అద్దాల గది పోయిందా అనుకుంటే ఏడుపొచ్చింది. పెద్దమ్మ చెయ్యి నా భుజం మీదే ఉంది. అయినా తలెత్తాను.

“అత్తయ్యగారూ,” అన్నాను (సంబంధం ఉంటుందో ఊడుతుందో తెలియకుండానే వరస కలిపేశాను), “నాను తలూపలేదండి. నిద్దరోయాను. ఇంకోసారి అడగండి.”

నాన్న దగ్గారు. అమ్మ గోడకేసి చూసింది. రేడియో పెద్దమ్మ తన చరిత్రలో మొదటిసారి మూగబోయింది. అప్పుడు పెళ్లికొడుకు నోరు విప్పారు.

“నిద్దరేనమ్మా. సిన్న గురక కూడా ఇనపడింది. షిఫ్టు దిగినోల్లకి అలాగే వత్తాది.”

(‘సిన్న గురక’ అన్నారు చూశారూ, ఆ మర్యాదకే నేనాయన్ని చేసుకున్నాను.)

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. నా వైపు తిరిగి, నిజంగానే రెండోసారి అడిగింది. వల్లె వేసిన మాటలన్నీ ఎటో ఎగిరిపోయాయి. నోటికొచ్చింది చెప్పాను.

“మాననండి. అక్కడ కిందున్నోల్లందరూ తలెత్తి నా వైపే సూత్తారు. ఇక్కడేమో తలొంచుకోమంతన్నారు. రెండూ నా వల్ల అవదండి.”

ఆవిడ పూలు తిరిగి తీసేసుకుంటుందేమోనని అమ్మ భయపడిందట. ఆవిడ చెయ్యి నిజంగానే నా జడ దాకా వచ్చింది.

“నాను టైపు పాసయ్యాను. ఆపీసులో ఉజ్జోగానికి రమ్మన్నారు. పెల్లయితే మానేత్తావా అని నన్నూ అడిగారు,” అంది. జడలో జారిన పూలు సరిచేసింది. “నాను నిద్దరోలేదమ్మా. మెలకువగానే ఉన్నాను. అయినా తలూపీసాను.”

లేస్తూ అంది. “ముగ్గు నానెట్టుకుంతాన్లే.”

అన్న మాట ప్రకారమే పెట్టుకుంది. నేను బస్సెక్కేసరికి వాకిట్లో ముగ్గు, నా చేతిలో క్యారేజీ ఉండేవి. తగరపువలస సంతలో కూరగాయలు బేరమాడుతూ కూడా, మా కోడలు కిరేను తోల్తాదని చెప్పేది. (వంకాయల ధర దానివల్ల తగ్గిందో పెరిగిందో నాకు తెలియదు.) కొన్నాళ్లకి మిల్లులో కొత్త మెషిన్ బిగించడానికి జపాన్ నుంచి ఓ ఇంజనీరమ్మ వచ్చింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఈ కథ చెబితే పొట్ట పట్టుకు నవ్వి, వాళ్లమ్మదీ పెద్దలు ఎదురెదురుగా కూర్చోబెట్టి చూపించిన సంబంధమేనంది. పెళ్లికాగానే వాళ్లమ్మని ఆఫీసు వాళ్లు పూలగుత్తి ఇచ్చి ఇంటికి పంపేశారట. అది విని మా అత్తయ్య ‘అక్కడా ఇంతేనేటి’ అని నిట్టూర్చింది. ఆదివారం ఆ ఇంజనీరమ్మని ఇంటికి పిలిచి రొయ్యల కూర పెట్టింది. ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్కా రాకపోయినా సాయంత్రం దాకా కబుర్లు చెప్పుకున్నారు.

ఇప్పుడు నేను క్రేన్ ఎక్కడం లేదు, ఎక్కేవాళ్లకి నేర్పుతున్నాను. వాళ్లలో నలుగురు ఆడపిల్లలు. వాళ్లలో ఎవరైనా మొదటిసారి ఇనుము ఎత్తి తొణక్కుండా దించితే, కింద నిలబడి తలెత్తి చూసే వంతు నాది. ఆ చూడటంలో మెడ నొప్పెట్టినా గర్వంగానే ఉంటుంది. కాకపోతే నాకిప్పుడు కుర్చీ ఇచ్చారు, మీటింగులకి పిలుస్తున్నారు. అక్కడ పెద్దవాళ్లు ఏదో ఒకటి తేల్చేసి, అంతే కదమ్మా అంటారు. నేను పూర్తి మెలకువతో కూర్చునే ఉంటాను, తల మాత్రం దానంతటదే ఊగబోతుంది. అలాంటప్పుడు అరచేతిలో లడ్డూ, జడలో మల్లెపూలతో తలెత్తిన ఆనాటి నిద్రమొహం పిల్లని తలుచుకుని నాకు నవ్వొస్తుంది, కొంచెం అసూయా వేస్తుంది.