పిలిస్తే రావాలంటే

అద్దాల మేస్త్రికి రెండు చేతులూ పనిలోనే ఉంటాయి. కిటికీ అద్దం ఎత్తాడంటే ముక్కు దురద పెట్టినా గోక్కోవడానికి లేదు. అలాంటి మనిషి కుక్కను పెంచాడు. భార్య ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. ఇంట్లో ఒంటరిగా వదిలితే కుక్క వీధి వీధంతా వినేలా ఏడుస్తుంది. అందుకని గొలుసు నడుముకు కట్టుకుని పనికి వెంట తీసుకెళ్లేవాడు. దాని పేరు తుర్రు. పేరుకు తగ్గట్టే ఓ రోజు పిల్లిని చూసి తుర్రుమంది. మేస్త్రి నడుం అటు, అద్దం ఇటు.

"మేస్త్రీ, కుక్కయినా ఉండాలి, కొలువైనా ఉండాలి. తేల్చుకో," అన్నాడు కొట్టు యజమాని, గాజు పెంకులు ఊడుస్తూ.

బావమరిది వెంటనే ముందుకొచ్చాడు. "నా గోడౌన్‌కి పంపెయ్ బావా. గేటుకు కట్టేస్తా. తిండికి లోటుండదు."

ఆ గేటును మేస్త్రి ఇదివరకే చూశాడు. అంతకుముందున్న కుక్క గొలుసు సాగినంత మేరా తిరిగి తిరిగి అక్కడ నేల గుండ్రంగా అరిగిపోయింది. మనసొప్పలేదు. గొలుసు లేకుండా పక్కన నడవడం నేర్పితే సరిపోతుందనుకున్నాడు.

కుక్కకు విశ్వాసం పుట్టుకతోనే వస్తుందని చెప్పేవాళ్లు సాయంత్రం మైదానంలో దాన్ని పిలిచి చూసినట్టు లేరు. కంచె ఉన్న చోట వదిలి మేస్త్రి "రా తుర్రూ" అంటే అది ఓ చూపు చూసి అటే పరిగెత్తేది. ఈయన గొంతు పెంచితే అది దూరం పెంచేది. చివరికి తరిమి పట్టుకుని, గొలుసు తగిలించి, నాలుగు తిట్టి ఇంటికి లాక్కొచ్చేవాడు. మొండిదన్నాడు. దాని బుర్రలో గడ్డి తప్ప ఏమీ లేదన్నాడు.

ఒక సెలవు రోజు భార్య కూడా వచ్చి, ఈ పరుగుపందెం చూసి నవ్వాపుకోలేకపోయింది.

"ఏంటే ఆ నవ్వు?"

"రాకపోవడమే దాని తెలివి. నువ్వు పిలిచేదెప్పుడు? ఆట కట్టించడానికి. వచ్చిన పాపానికి గొలుసు, పైన తిట్లు. నేనైనా రాను."

"నువ్వెప్పుడొచ్చావులే పిలిస్తే."

"అదేగా నేననేది! నువ్వు కేకేశావంటే గుండీ ఊడిందనో, టీ చల్లారిందనో. ఊరికే రమ్మన్నావా ఏనాడన్నా?"

మేస్త్రి మొహం మాడ్చుకున్నాడు గానీ మర్నాడు జేబులో ఉడికించిన మాంసం ముక్కలు వేసుకెళ్లాడు. మెడపట్టీకి పొడుగాటి తాడు కట్టి, కొసను నేలమీద వదిలేశాడు. పిలిచాడు, రాకపోతే మెల్లగా తాడు లాగాడు. రాగానే ముక్క పెట్టి, చెవుల వెనక గోకి, "పో, ఆడుకో" అన్నాడు. తుర్రు నమ్మలేక అక్కడే నిలబడిపోయింది. వచ్చాక మళ్లీ వదిలేయడమన్నది దాని అనుభవంలో లేదు. పోనుపోను పిలుపు వినబడితే చాలు, చెవులు వెనక్కి వాల్చి దూసుకొచ్చేది. "ఉండు" అంటే ఎక్కడున్నది అక్కడే ఆగాలని కూడా నేర్పాడు. చేతులు ఖాళీ ఉండవు కనుక సైగలు లేవు, అంతా నోటితోనే. తాడు పొట్టిదై, చివరికి మాయమైంది.

యజమాని పరీక్ష పెట్టాడు. తలుపంత అద్దానికి ఒక కొస తానే పట్టుకుని, మేస్త్రితో సందులోకి నడిచాడు. తుర్రు పక్కనే వచ్చింది. ఎదుటి గోడ కింద పావురం వాలేదాకా.

ఒక్క దూకులో అవతలికి పోయింది. పావురం ఎగిరిపోగానే, చేసిన పని గుర్తొచ్చినట్టు ఇటు తిరిగింది. సరిగ్గా అప్పుడే మూల మీంచి సరుకుల వ్యాన్ వచ్చింది. అద్దంలోంచి మేస్త్రికి రెండూ కనబడుతున్నాయి. "రా" నాలుక చివరిదాకా వచ్చింది. పిలిస్తే వస్తుంది. అదే ఇప్పుడు భయం.

"ఉండు," అన్నాడు, మైదానంలో అన్నట్టే, అరవకుండా.

తుర్రు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి ఆగింది. దాని మీసాలకు గాలి కొట్టి వ్యాన్ పోయింది.

"మేస్త్రీ, ముందు అద్దం దించవయ్యా," అన్నాడు యజమాని. "నీ వైపు కొస జారుతోంది. ఇప్పుడు పగిలిందంటే తప్పు కుక్క మీదకి తోయడానికి లేదు."

అద్దాన్ని గోడకు ఆనించి, సందు అటూ ఇటూ చూసి, అప్పుడు పిలిచాడు. జేబులో ఉన్నవన్నీ పెట్టేశాడు. గేటుకు వేరే కుక్కను చూసుకోమని ఆ సాయంత్రమే బావమరిదికి ఫోన్ చేశాడు.

సందుల్లో తుర్రు ఇప్పుడు మేస్త్రి మడమ వదలదు. పెద్ద రోడ్డు దాటాల్సిన పని ఉంటే మాత్రం దాన్ని కొట్టులో యజమాని కుర్చీకి కట్టేసి వెళ్తాడు. అంత నేర్పాక ఇంకా నమ్మకం లేదా అని అడిగేవాళ్లకు, "నమ్మకం కుక్క మీద ఉందండీ, లారీల మీద లేదు," అంటాడు.